ముప్ఫై ఒక్క గంటల డ్యూటీ

మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి ఏడో నంబరు బండి పలకడం మానేసింది.

"ఏడో నంబరూ, ఎక్కడున్నావు?" అని అక్క వాకీటాకీలో మూడోసారి అడిగింది. 

ముందే కలిపిన కాంక్రీటు అమ్మే రెడీమిక్స్ ప్లాంటులో బండ్లను పంపించే పని ఆమెది. అరవై దగ్గరపడ్డ డ్రైవరు మొదలు నిన్నగాక మొన్న చేరినవాడి దాకా అందరూ ఆమెను అక్కా అనే పిలిచేవాళ్ళు. రేకుల గది, ముందు వెడల్పాటి అద్దం, అద్దం అవతల బండ్లను తూచే కాటా, గోడకు పదకొండు బండ్ల నంబర్లు రాసిన తెల్లబోర్డు. పదహారేళ్ళుగా ఆమెకు పొద్దు పొడిచేదీ గుంకేదీ ఆ గదిలోనే. ఏ బండి డ్రమ్ము నిండింది, ఏది సైటులో ఖాళీ అవుతోంది, ఏది తిరుగుదారిలో ఉంది అని అడిగితే బోర్డు వైపు చూడకుండా చెప్పేది.

ముందురోజు పొద్దున ఆరింటికి ఒక పెద్ద భవనం పునాది స్లాబు మొదలైంది. అలాంటి స్లాబు పోయడం మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఆగితే పోసింది గట్టిపడిపోతుంది, తర్వాత పోసేది దానితో కలవదు, అతుకు పడుతుంది. పైగా డ్రమ్ములో ఉన్న సరుకు గంటన్నరలో సైటుకు చేరకపోతే పారబోయాల్సిందే. పదకొండు బండ్లూ ఒకదాని వెనక ఒకటి గొలుసులా తిరగాలి. సరిగ్గా ఆ రాత్రే డ్యూటీ మార్చుకోవాల్సిన ఇద్దరు డ్రైవర్లు రాలేదు. ఒకడికి జ్వరం, ఇంకొకడు ఫోనే ఎత్తలేదు. ఆ సంగతి ఓనరుకు చెబితే, "డ్రైవర్లు లేరన్న మాట నా చెవిన వెయ్యకు. ఉన్నవాళ్ళతో నడిపించు" అని పెట్టేశాడు. ఆమె ఉన్నవాళ్ళతోనే నడిపించింది.

ఏడో నంబరు బండి డ్రైవరు నోట్లో నాలుక లేని మనిషి. హారన్ కూడా తప్పనిసరైతేనే కొట్టేవాడు. తోటివాళ్ళు అతనికి సైలెన్సర్ అని పేరు పెట్టారు. అతని గొంతు ఎలా ఉంటుందో భార్యకు పెళ్ళయిన ఆరు నెలలకు గాని తెలియలేదని క్యాంటీనులో ఒక జోకు తిరిగేది. అతనూ విని నవ్వేవాడు.

అలాంటివాడు ఆ రోజు పన్నెండున్నరకి తనంతట తానే గదిలోకి వచ్చాడు. తలుపు దగ్గర నిలబడి, "అక్కా, ఈ ట్రిప్పుకి ఇంకెవరినైనా చూడు. రెప్పలు నిలబడట్లేదు" అన్నాడు. ముందురోజు ఆరింటినుంచి అతను బండిమీదే ఉన్నాడు. సైటు గేటు ముందు వరసలో ఆగినప్పుడు స్టీరింగు మీద తల వాల్చి పడుకున్నది, అంతా కలిపితే రెండు గంటలుంటుందేమో. అక్క బోర్డు వైపు చూసింది. ఫ్లాస్కులో మిగిలిన టీ అంతా అతని గ్లాసులో పోసింది.

"ఇదొక్కటీ లాగెయ్ తమ్ముడూ. నాలుగింటికల్లా నేనే ఇంటికి పంపిస్తా."

అతను టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆమె నాలుగోసారి అడగబోతుండగా వాకీటాకీ గరగరమంది.

"అక్కా. ఒకమ్మాయిని గుద్దేశాను."

మిగతా పది బండ్లలోనూ ఆ మాట వినబడింది. అందరిదీ ఒకటే చానెల్.

"ఎక్కడ?"

"కళ్ళజోళ్ళ షాపు మలుపులో. బండి ఫుట్‌పాత్ ఎక్కేసింది. నాకు... ఎక్కినప్పుడు తెలిసింది."

"అమ్మాయి ఎలా ఉంది?"

 కాసేపయ్యాక, "జనం వస్తున్నారు. దిగమంటావా అక్కా?" అన్నాడు.

 చేతికి దొరికిన డ్రైవర్ని జనం ఏం చేస్తారో ఆమెకు తెలియనిది కాదు. దిగొద్దు, బండి పోనివ్వు అనేవాళ్ళు కూడా ఈ వృత్తిలో ఉన్నారు. ఒకటి రెండు క్షణాలు ఆమె బటన్ మీద వేలు ఉంచి ఊరుకుంది.

"దిగు. ఆ అమ్మాయి దగ్గరే ఉండు. ఎవరేమన్నా తల ఎత్తకు. అంబులెన్సుకి నేను చేస్తున్నా."

అంబులెన్సుకు ఫోన్ చేసింది, పోలీసులకు చేసింది, ఓనరుకు చేసింది. పావుగంట గడిచాక సైలెన్సర్ గొంతు మళ్ళీ వినబడింది. ఎవరో కొట్టినట్లున్నారు, మాట ముద్దగా వచ్చింది.

"అక్కా, అంబులెన్సు వచ్చింది. వాళ్ళు తొందరపడట్లేదక్కా."

అంతే. తర్వాత అతని వాకీటాకీ ఎవరో తీసేసుకున్నారు.

 నాలుగో నంబరు డ్రైవరు గొంతు సవరించుకుని, "అక్కా, ఆ రోడ్డు మూసేస్తారు. నేను ఏ దారిన పోవాలి?" అని అడిగాడు. అక్క గోడమీది మ్యాపు చూసింది. రైల్వే గేటు దారిన పొమ్మంది. వెనకున్న బండ్లను కూడా అటే తిప్పింది. పదకొండు బండ్ల పని పది బండ్లకు సర్దింది. నాలుగున్నరకి సైటు ఇంజనీరు ఫోన్ చేసి స్లాబు పూర్తయిందని చెప్పాడు. ఆ అమ్మాయి అప్పటికి మార్చురీలో ఉంది. ఇరవై ఆరేళ్ళది. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేది. భోజనానికి ఇంటికి వెళ్ళి, తిరిగి షాపుకు నడిచి వస్తోంది.

అయిదింటికి ఓనరు వచ్చాడు. వస్తూనే తలుపు మూశాడు.

ఓనరంటే పుట్టుకతో ఓనరేం కాదు. ఒక్క లారీ తోలుకుంటూ మొదలుపెట్టి ఇంతవాడయ్యాడు. అరచేతుల్లో స్టీరింగు కాయలు ఇంకా ఉన్నాయి. అక్క మొగుడు మంచాన పడి పోయినప్పుడు ఆస్పత్రి గుమ్మం దగ్గర మూడు రోజులు కుర్చీ వేసుకుని కూర్చున్నది ఆయనే. అందుకే ఆయన ముందు ఆమె ఎప్పుడూ ఎదురు మాట్లాడి ఎరగదు.

"నిన్నటి డ్యూటీ షీటు ఇలా ఇవ్వు" అన్నాడు.

ఏ డ్రైవరు ఎన్నింటికి బండెక్కాడు, ఎన్నింటికి దిగాడు అన్నది రాసే కాగితం అది. ఏడో నంబరు వరసలో ఎక్కిన టైము ఉంది, దిగిన టైము గడి ఖాళీ. కింద పంపినవారి సంతకం, అక్కది.

"ముప్ఫై ఒక్క గంటలు" అని ఆయన వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు. "నేనూ తోలినవాణ్ణేనమ్మా. మా రోజుల్లో రెండ్రోజులు కన్ను మూయకుండా తోలాం. ఎవరూ అడగలేదు. ఇప్పుడు చట్టం మారింది. వాడికి పద్నాలుగేళ్ళ దాకా పడొచ్చు. అలసిపోయాడని తెలిసి బండి అప్పగించినవాళ్ళకి ఏడేళ్ళ దాకా. అప్పగించింది ఎవరు? ఈ కాగితం మీద నా సంతకం లేదు. నీదుంది."

 "మీరు నడిపించమన్నారు కదా సార్."

"నడిపించమన్నాను. వాణ్ణి నిద్రపోనివ్వద్దన్నానా?" ఆయన గొంతు పెంచలేదు. "నిన్ను భయపెట్టడం లేదు, ఉన్నమాట చెప్తున్నా. కొత్త షీటు రాయి. నిన్న బండి తొమ్మిదో నంబరు ముసలాయన తోలాడు. ఆయన సరేనన్నాడు. సైలెన్సర్ ఇవాళ పొద్దున ఎనిమిదింటికి ఎక్కాడు. బండిలో జీపీఎస్ యంత్రం బండి తిరిగిందనే చెప్తుంది గాని, ఎవరు తోలారో చెప్పదు. రేపు పదింటికి ఇన్‌స్పెక్టరు వస్తుంది. ఈలోపు ఇది చింపెయ్."

"మరి అతనికి?"

"వాడు చేసింది వాడికి తప్పదు. ఒకడు పోయేచోట ముగ్గురం పోవడమెందుకు?"

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. కాగితం బల్లమీద పడేసి, మాట్లాడుకుంటూ బయటికి వెళ్ళాడు. చింపిందో లేదో చూడటానికి మళ్ళీ రాలేదు. పదహారేళ్ళ నమ్మకం. అక్క ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, టిఫిన్ క్యారియర్ సంచిలో అడుగున దాచింది. చింపకుండా ఎందుకు దాచిందో అప్పటికి ఆమెకే తెలియదు.

ఇంటికి చేరేసరికి ఏడయింది. తలుపు తీసిన చెల్లెలి ముఖం చూస్తే వార్త ముందే చేరిందని తెలిసిపోయింది.

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఇద్దరికీ భర్తలు లేరు. చెల్లెలి భర్త అయిదేళ్ళ కిందట పాలప్యాకెట్ కోసం రోడ్డు దాటుతూ ఒక వ్యాను కింద పడి పోయాడు. పాత చట్టంలో ఆ వ్యాను డ్రైవరుకు ఆరు నెలలు పడింది. ఏడాది తిరక్కుండా అతను అదే వీధిలో అదే వ్యాను తోలుకుంటూ చెల్లెలికి ఎదురుపడ్డాడు. ఆ రోజు ఇంటికొచ్చి కూరగాయల సంచి కింద పెట్టకుండానే చెల్లెలు, "వీళ్ళని వదలను" అంది. తనలాంటివాళ్ళని వెతుక్కుని ఒక సంఘంలో చేరింది. శాసనసభ గేటు ముందు ఎండలో నిలబడింది, ఊరూరా సంతకాలు పోగుచేసింది. కిందటి ఏడాది కొత్త చట్టం వచ్చినప్పుడు, నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి నవ్వింది.

"మీ ప్లాంటు బండేనట కదా" అంది చెల్లెలు, నీళ్ళగ్లాసు చేతికిస్తూ. "సంఘం వాళ్ళు ఫోన్ మీద ఫోన్. కొత్త చట్టం కింద ఇక్కడ ఇదే మొదటి కేసవుతుందట. రేపు స్టేషను ముందు నిలబడుతున్నాం. ఆరు నెలలూ ఏడు నెలలూ కాదు, ఈసారి పద్నాలుగేళ్ళూ పడాలి."

అక్క నీళ్ళు తాగలేదు. కుర్చీలో కూర్చుని చెప్పులు కూడా విప్పలేదు.

"వాడు నీకు తెలిసినవాడేనా?" అని చెల్లెలు అడిగింది.

"తెలుసు. మంచివాడు."

"మా ఆయన్ని చంపినవాణ్ణి కూడా వాళ్ళ ఓనరు మంచివాడనే అన్నాడు."

"నిద్రపోయాడే. స్టీరింగు మీద."

"నిద్రొస్తే ఆపుకోవాలి. ఎవరు తోలమన్నారు?"

"నేను" అంది అక్క.

చెల్లెలు మొదట అర్థం కానట్లు చూసింది. అక్క సంచి అడుగునుంచి కాగితం తీసి, మడతలు విప్పి, బల్లమీద పరిచింది. ఏడో నంబరు వరస మీద వేలు పెట్టింది. టీ సంగతి, నాలుగింటికి పంపిస్తానన్న సంగతి, ఓనరు చెప్పిన మాట, ఒక్కటీ దాచకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ చెల్లెలు నిలబడే ఉంది.

"రెప్పలు నిలబడట్లేదని నీతో చెప్పాడా?"

"చెప్పాడు."

"నోరు విప్పి చెప్పాడా?"

"చెప్పాడే. ఆ గుమ్మంలో నిలబడి చెప్పాడు."

చెల్లెలు వంటింట్లోకి వెళ్ళింది. స్టవ్ ఆపిన చప్పుడు, గిన్నెమీద మూత పెట్టిన చప్పుడు వినబడ్డాయి. తిరిగి వచ్చి అక్కకు ఎదురుగా కూర్చుంది.

"మేము సంతకాలు పోగుచేసిన ఆ అర్జీలో, తోలించినవాళ్ళని కూడా వదలకూడదన్న మాట నువ్వే రాశావు, గుర్తుందా? మేము డ్రైవర్ల గురించే అనుకున్నాం. నువ్వే అన్నావు, డ్రైవరు ఒక్కడే ఏం చేస్తాడు, పంపేవాడు ఉంటేనే కదా పోతాడు అని. నీ రాత బాగుంటుందని నీ చేతే రాయించాం."

"గుర్తుంది."

"మరి పొద్దున ఏం చేస్తావు?"

"నువ్వు చెప్పు."

"నన్నడక్కు." చెల్లెలు బల్లమీది కాగితాన్ని అక్కవైపు జరిపింది. "ఆ కాగితం ఇచ్చావంటే నిన్ను పట్టుకుపోతారు. నాకున్నది నువ్వొక్కదానివి. ఇవ్వకపోతే రేపటినుంచి నీ ముఖం చూస్తూ నేను ఈ బల్ల దగ్గర కూర్చుని అన్నం తినలేను. రెంటిలో ఏది చెప్పమంటావు నన్ను?"

ఆ రాత్రి ఎవరూ తినలేదు.

మర్నాడు ఏడింటికే అక్క ప్లాంటుకు చేరింది. అప్పటికే ఓనరు ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కొత్త షీటు తనే రాసి తెచ్చాడు. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. ఆయన బడికి వెళ్ళింది తక్కువ.

"నీకు శ్రమ లేకుండా రాసేశాను. సంతకం పెట్టు చాలు."

దారంతా అక్క ఏమేమో అనుకుంటూ వచ్చింది. ఇలా అందాం, అలా అందాం అని మనసులో మాటలన్నీ పేర్చుకుంది. ఆయన కుర్చీలోంచి లేచి, "కూర్చోమ్మా" అని కుర్చీ తుడిచి ఇచ్చేసరికి ఆ మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. ఏడేళ్ళు అన్న అంకె ఒక్కటే తలలో గిర్రున తిరిగింది. యాభైకి దగ్గరపడ్డ మనిషి. జైలుగది ఎలా ఉంటుందో సినిమాల్లో తప్ప చూడలేదు. పెన్ను తీసుకుని సంతకం పెట్టేసింది. 

"పాతది చింపేశావు కదా?"

"ఆఁ."

సంచి ఆమె కాళ్ళ దగ్గరే ఉంది. కాగితం ఆ సంచి అడుగునే ఉంది.

పదింటికి ఇన్‌స్పెక్టరు వచ్చింది. సన్నగా, పొడుగ్గా, అక్కకన్నా పదేళ్ళు చిన్నదిగా ఉన్న మనిషి. వెంట ఒక కానిస్టేబుల్. గది ఇరుకు, నలుగురికి చాలలేదు. కానిస్టేబుల్ గుమ్మంలో నిలబడ్డాడు. బయట నాలుగో నంబరు బండి డ్రమ్ములోకి సరుకు పడుతున్న హోరు. ఇన్‌స్పెక్టరు కిటికీ మూయమంది.

"మీ డ్రైవరు వింత మనిషండీ" అంది కూర్చుంటూ. "అమ్మాయిని గుద్దింది నేనే అంటాడు, బండి నేనే తోలాను అంటాడు. ఎన్ని గంటలు తోలావంటే గుర్తులేదంటాడు. డ్యూటీ ఎవరు వేశారంటే నోరు విప్పడు. లాయరు చెప్పిచ్చాడేమో అనుకున్నా, ఇంతవరకు లాయరే రాలేదు. రాత్రంతా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. పడుకో అంటే, పడుకోలేను మేడమ్ అన్నాడు. ఆ ఒక్క మాటే తనంతట తాను అన్నది."

ఓనరు షీటు తీసి ఆమె ముందు పెట్టాడు. "నిన్న పొద్దున ఎనిమిదింటికి ఎక్కాడు మేడమ్. అయిదున్నర గంటల డ్యూటీ. దానికి నిద్రేమిటి? ఫోన్ చూసుకుని ఉంటాడు. ఈ కాలం వాళ్ళు అంతే కదా."

"ఫోన్ అతని సీటు కింద డబ్బాలో ఉంది. స్విచ్ ఆఫ్ చేసి ఉంది" అంది ఇన్‌స్పెక్టరు. షీటు మీద వేలు జరుపుకుంటూ కిందికి వచ్చింది. అక్కవైపు తిరిగింది. "ఈ సంతకం మీదేనా అండీ?"

ఓనరు కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాయి. అక్కకు ఆయన చేతులే కనబడ్డాయి. ఒక చేతి బొటనవేలు ఇంకో చేతి కాయను గీరుతోంది.

"మీదేనా?" ఇన్‌స్పెక్టరు మళ్ళీ అడిగింది.

"సంతకం నాదే" అంది అక్క.  "కాగితం అబద్ధం."

ఓనరు గిరుక్కున తిరిగాడు. "ఏం మాట్లాడుతున్నావమ్మా? మేడమ్, రాత్రంతా నిద్రలేదు ఈమెకి."

"మీరు ఆగండి" అంది ఇన్‌స్పెక్టరు.

అక్క వంగి సంచి అందుకుంది. క్యారియర్ గిన్నెలు బల్లమీదకు తీసింది. పైగిన్నె మూత దొర్లి కింద పడింది. అడుగునుంచి కాగితం తీసి ఇన్‌స్పెక్టరుకు ఇచ్చింది.

"ఇది అసలుది. మొన్న పొద్దున ఆరింటికి ఎక్కాడు. దిగలేదు. ఇక చాలని నాతో చెప్పాడు, నిన్న పన్నెండున్నరకి, మీ కానిస్టేబుల్ నిలబడ్డ చోటే నిలబడి చెప్పాడు. నేనే పంపాను. ఆ రెండో కాగితం మీద ఇవాళ ఏడింటికి సంతకం పెట్టాను. అదీ నేనే. ఎవరూ చెయ్యి పట్టుకుని పెట్టించలేదు."

"రాసింది ఎవరు?"

అక్క ఓనరు వైపు చూసింది. ఆయన ముఖంలో కోపం లేదు. దెబ్బ తిన్న మనిషిలా ఉన్నాడు. "నీకేం తక్కువ చేశానమ్మా" అన్నాడు మెల్లగా.

"ఏమీ తక్కువ చేయలేదు సార్" అంది ఆమె. తర్వాత ఇన్‌స్పెక్టరుతో, "రాసింది మా సార్. రాత చూడండి, నాది కాదు" అంది.

మధ్యాహ్నానికి ఆమెను జీపులో తీసుకెళ్ళారు. స్టేషను ముందు సంఘం వాళ్ళు అట్టలు పట్టుకుని నిలబడి ఉన్నారు. జీపు లోపలికి వెళుతున్నప్పుడు వాళ్ళ మధ్య చెల్లెలు లేదు. గోడపక్క, కాస్త దూరంగా, ఒక్కతే నిలబడి ఉంది. చేతిలో అట్ట లేదు. అక్కను చూసి తల తిప్పుకోలేదు, చెయ్యీ ఊపలేదు.

కేసు పదకొండు నెలలు నడిచింది. బెయిలు మీద ఉన్నన్నాళ్ళూ అక్క ఇంట్లోనే ఉంది. అక్కాచెల్లెళ్ళు ఒకే బల్ల దగ్గర తిన్నారు గాని మాటలు అవసరానికి మించలేదు. ఉప్పు అందుకో, తలుపు వేశావా, అంతవరకే. వీధిలో కొందరు అక్కను మెచ్చుకున్నారు, కొందరు తిన్నింటికి ద్రోహం చేసిందన్నారు. ప్లాంటు డ్రైవర్లలో ఇద్దరే ఆమెను చూడవచ్చారు. తొమ్మిదో నంబరు ముసలాయన రాలేదు. తప్పుడు మాటకు సరేనన్నందుకు ఆయన్నీ పిలిచి గంటలకొద్దీ కూర్చోబెట్టారు.

కోర్టులో సైలెన్సర్ మొదటి రోజే నేరం ఒప్పుకున్నాడు. ఒకసారి వాయిదాకి బల్లమీద పక్కపక్కనే కూర్చోవాల్సి వచ్చినప్పుడు అతను నేలవైపు చూస్తూ, "గట్టిగా అనుండాల్సిందక్కా, తోలనని" అన్నాడు.

"నువ్వన్నావు" అంది అక్క. "నేను విన్నాను కూడా."

తీర్పు రోజు వరండాలో ఒక పెద్దాయన ఆమె దగ్గరికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, ముక్కుమీదికి జారిన కళ్ళజోడు. ప్రతి వాయిదాకీ వచ్చి ముందు వరసలో కూర్చునేవాడు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అమ్మాయి తండ్రి. అక్క లేచి నిలబడింది. లాయరు మధ్యలోకి రాబోతే వద్దని సైగ చేసింది.

"మిమ్మల్ని ఒకటి అడగాలమ్మా" అన్నాడాయన. "లోపల వాళ్ళు అడిగినవన్నీ విన్నాను. ఇది ఎవరూ అడగలేదు. ఎందుకు పంపారు?"

అక్క నీళ్ళు నమలలేదు. పదకొండు నెలలుగా తనకు తాను వేసుకున్న ప్రశ్నే.

"ఆపితే స్లాబు చెడిపోతుందని."



"చెడిందా?"

"లేదండీ. బాగానే వచ్చింది."

పెద్దాయన తల ఊపాడు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. ఏదో అనబోయి మానుకుని, మెట్ల వైపు నడిచాడు. ఆయన తిట్టి ఉంటే అక్క తట్టుకునేది. అలా తల ఊపి వెళ్ళిపోయేసరికి గోడ పట్టుకుంది. ఆమె ఏడ్చింది ఆ ఒక్కసారే.

మూడింటికి జడ్జి తీర్పు చదివాడు. సైలెన్సర్‌కు నాలుగేళ్ళు. ఆ షీటు లేకపోయి ఉంటే శిక్ష ఇంతకు రెట్టింపు దాటేదని జడ్జి పైకే అన్నాడు. ఓనరుకు ఏడేళ్ళు, పైన దొంగ కాగితం రాసినందుకు ఇంకో ఏడాది. అక్కకు రెండున్నరేళ్ళు. అంతకన్నా తగ్గించే వీలు కొత్త చట్టం తనకు ఇవ్వలేదని, నిజం తనంతట తాను చెప్పడాన్ని లెక్కలోకి తీసుకునే ఇంత తగ్గించానని జడ్జి అన్నాడు. సంఘం వాళ్ళలో ఒకరిద్దరు చప్పట్లు కొట్టబోయి, చెల్లెలి వైపు చూసి ఆగిపోయారు. ఓనరు లాయరు పై కోర్టుకు వెళతామని అక్కడికక్కడే చెప్పాడు. అక్క లాయరు కూడా అదే అడిగితే ఆమె వద్దంది.

"బాగా ఆలోచించుకోండి" అన్నాడు లాయరు.

"ఆలోచించేదేముంది బాబూ. ఆ మాట చట్టంలో ఉండాలన్నది నేనే."

కిందికి తీసుకొచ్చాక, వ్యాను రావడానికి పది నిమిషాలు పడుతుందని మహిళా కానిస్టేబుల్ చెప్పింది. చెల్లెలు మెట్లు దిగి వచ్చింది. చేతిలో చిన్న బట్టల సంచి. అందులో రెండు చీరలు, దువ్వెన, బీపీ మాత్రలు, చదువుకునే కళ్ళజోడు. అక్క చెవుల దిద్దులూ గడియారమూ తీసి ఇచ్చింది. చెల్లెలు గడియారాన్ని చేతికి పెట్టుకుంది, దిద్దులు రుమాలులో మూటకట్టింది.

"మాత్రలు రెండు నెలలకి సరిపోతాయి. పొద్దునొకటి, సాయంత్రం సగం."

"తెలుసు."

"తెలుసంటావు, మర్చిపోతావు."

ఇద్దరూ గేటువైపు తిరిగి నిలబడ్డారు. పదకొండు నెలల్లో ఇంతసేపు పక్కపక్కన నిలబడింది ఇదే.

"నీ మీద నాకు కోపం పోలేదే" అంది చెల్లెలు.

"పోవాలని నేను అనలేదు."

"ఆ అమ్మాయి గుర్తొచ్చినప్పుడల్లా వస్తుంది. మా ఆయనా గుర్తొస్తాడు. ఇద్దరూ కలిసిపోతారు." చెల్లెలు అక్క చీర భుజం మీద జారితే పైకి లాగి సర్దింది. "ఆదివారం కలవనిస్తారట. అడిగాను."

"రెండు బస్సులు మారాలి. ఎందుకులే, రావద్దు."

"వస్తానన్నాను కదా" అంది చెల్లెలు కసురుతున్నట్లు.

వ్యాను వచ్చి ఆగింది. సైలెన్సర్ అప్పటికే లోపల, వెనక బల్లమీద ఉన్నాడు. కానిస్టేబుల్ అక్కను ముందు బల్లమీద కూర్చోబెట్టింది. తలుపు పడేదాకా చెల్లెలు అక్కడే నిలబడింది. తలుపు పడ్డాక, వ్యాను గేటు దాటి రోడ్డెక్కేదాకా నిలబడింది.